రిపోర్టులోని సున్నా

వృత్తి నుంచి విరమించిన వైద్యునికి తీరిక ఎక్కువ. తీరికతో పాటు జ్ఞాపకాలూ ఎక్కువే. నయమై ఇంటికి వెళ్లినవారి ముఖాలు ఒక్కొక్కటిగా మరపున పడుతున్నాయి. నా వల్ల పొరపాటు జరిగిన సందర్భాలు మాత్రం నిన్న మొన్నటివిగానే మిగిలి ఉన్నాయి. అటువంటి ఒక సందర్భాన్ని ఈరోజు మీ ముందుంచుతున్నాను. మామోగ్రామ్‌లో ఏదో తేడా కనిపించిందని రిపోర్టు వచ్చినప్పుడు ఆ తర్వాత ఏమేమి జరగాలో, ఎందుకు జరగాలో చెప్పడానికి నాకు ఇంతకంటె మంచి దారి తోచలేదు.

అది 2008వ సంవత్సరం. తూర్పుగోదావరి జిల్లాలోని ఒక పట్టణంలో శస్త్రచికిత్స వైద్యునిగా పనిచేస్తున్నాను. ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పే ఒక ఉపాధ్యాయిని దసరా సెలవుల్లో నా దగ్గరకు వచ్చారు. వయస్సు 47. గడ్డ లేదు, నొప్పి లేదు. తోటి ఉపాధ్యాయినికి రొమ్ము కేన్సరు వచ్చిందని తెలిసిన తర్వాత, తానూ ఒకసారి చూపించుకుంటే మంచిదని నగరానికి వెళ్లి మామోగ్రామ్ తీయించుకున్నారు. ఎడమ రొమ్ములో ఒకచోట, కుడివైపు లేని చిక్కదనం కనిపిస్తున్నదనీ, అదనపు ఫిల్ములూ అల్ట్రాసౌండూ అవసరమనీ రాసి, చివర ‘బైరాడ్స్ 0’ అని రిపోర్టు ముగించారు. నేను చేత్తో పరీక్షించాను. ఏమీ తగలలేదు. “కంగారు పడవలసిందేమీ లేదమ్మా. అల్ట్రాసౌండ్ కూడా ఒకటి తీయించాలి. వీలు చూసుకొని వెళ్లి రండి” అన్నాను.

కార్తిక మాసంలో ఒక సాయంత్రం, రోగులతో వరండా కిక్కిరిసి ఉన్న వేళ, ఆమె భర్తతో కలిసి వచ్చి నా చేతిలో ప్రసాదం పొట్లం పెట్టారు. అన్నవరంలో సత్యనారాయణ వ్రతం చేసుకొని తిరిగి వస్తున్నారట. “రిపోర్టులో సున్నా వచ్చింది కదండీ, మొక్కు తీర్చుకున్నాం డాక్టరుగారూ” అన్నారు. ప్రసాదం కళ్లకద్దుకున్నాను. అల్ట్రాసౌండ్ ఎక్కడో తీయించుకొనే ఉంటారు, అందులోనూ ఏమీ లేదని వచ్చి ఉంటుంది అనుకున్నాను. అనుకున్నానే గాని, అడగలేదు. బయట ఇంకా ఇరవై మంది కూర్చొని ఉన్నారు.

వేసవి సెలవుల్లో ఆమె మళ్లీ వచ్చారు. ఈసారి గడ్డ చేతికి తగులుతున్నది. అల్ట్రాసౌండ్ రిపోర్టు ఏదమ్మా అని అడిగితే ఆమె ఆశ్చర్యంగా నా వంక చూశారు. సున్నా వచ్చాక మళ్లీ పరీక్ష ఎందుకని ఆమె తీయించుకోనే లేదు. సూది పరీక్షలో కేన్సరని తేలింది. గడ్డ రెండున్నర సెంటీమీటర్లు ఉంది. చంకలోని ఒక గ్రంథికీ చేరింది.

ఆ ఏడు నెలల్లో ఎంత మారిందో ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. నేను అడగవలసిన ఒక ప్రశ్న అడగలేదన్నది మాత్రం కచ్చితం.

మొదటి చిత్రం ఎందుకు చాలదు

మామోగ్రామ్ అంటే రొమ్మును రెండు పలకల నడుమ అదిమి, తక్కువ మోతాదు ఎక్స్‌రేతో తీసే నీడల చిత్రం. ఒక్కొక్క రొమ్మును పైనుంచి ఒకసారి, ఏటవాలుగా ఒకసారి తీస్తారు. అందులో కొవ్వు నల్లగానూ, పాలగ్రంథులూ వాటిని పట్టి ఉంచే పీచూ తెల్లగానూ కనిపిస్తాయి. చిక్కు ఏమిటంటే, కేన్సరు గడ్డ కూడా తెల్లగానే కనిపిస్తుంది. వయస్సులో ఉన్న స్త్రీలలో గ్రంథులు ఎక్కువ, కొవ్వు తక్కువ. అందువల్ల చిత్రమంతా పాలు ఒలికినట్లు ఉంటుంది. ఆ తెలుపులో మరో తెల్లని మచ్చను వెతకడం పొగమంచులో తెల్లకొంగను వెతకడం వంటిది.

అంతేకాక, రొమ్ము మూడు కొలతలున్న అవయవం. చిత్రం చదునైన కాగితం వంటిది. వేర్వేరు లోతుల్లో ఉన్న మామూలు గ్రంథులు రెండు ఒకదాని మీద ఒకటి పడితే, లేని గడ్డ ఉన్నట్లు కనిపిస్తుంది. ఆ రోజు రొమ్ముకు పూసుకున్న పౌడరో, చంకలో రాసుకున్న డియోడరెంటో కూడా చిత్రంలో తెల్లని రేణువులుగా కనిపించగలవు. అందుకే పరీక్షకు వెళ్లేటప్పుడు ఇవేవీ పూసుకోవద్దంటారు.

కాబట్టి రేడియాలజిస్టుకు మొదటి చిత్రంలో ఏదో సందేహం కలిగితే, నిజాయితీగా చేయగలిగిన పని ఒక్కటే: “ఇప్పటికి ఉన్న సమాచారంతో నేను తేల్చలేను, మరికొంత చూపించండి” అని రాయడం. బైరాడ్స్ 0 అర్థం అదే. ఏమీ లేదని కాదు, ఇంకా ఏమీ తేలలేదని.

అంకెలు ఏమి చెబుతాయి

బైరాడ్స్ అన్నది అమెరికా రేడియాలజీ వైద్యుల సంఘం 1990లలో రూపొందించిన వర్గీకరణ. ఇప్పుడు మన దేశంలోనూ రిపోర్టులు చాలావరకు ఈ పద్ధతిలోనే వస్తున్నాయి. ఒకే మచ్చను ఒక వైద్యుడు ‘కొంచెం అనుమానం’ అనీ, మరొకరు ‘పరవాలేదు’ అనీ రాస్తే చదివేవారికి అయోమయం కదా! ఆ అయోమయం పోవాలని అంకెలు పెట్టారు. మీ రిపోర్టు చివర ఈ అంకె ఎక్కడుందో వెతకండి.

0: పరీక్ష పూర్తి కాలేదు. అదనపు చిత్రాలు, అల్ట్రాసౌండ్, లేదా పోల్చి చూడడానికి పాత ఫిల్ములు కావాలి.

1: అంతా మామూలుగా ఉంది.

2: ఏదో కనిపించింది గాని అది నిశ్చయంగా హాని చేయనిది. మామూలు నీటితిత్తి, పాత కాల్షియం రేణువులు ఇటువంటివి.

3: దాదాపు హానిలేనిదే. కేన్సరు అయ్యే అవకాశం నూటికి 2కు మించదు. ఆరు నెలలకు మళ్లీ చూడాలి.

4: అనుమానించదగినది. సూది పరీక్ష చేయాలి. దీనినే మూడుగా విభజిస్తారు. 4ఎ అంటే కేన్సరు అవకాశం నూటికి 2 నుంచి 10 వరకు. 4బి అంటే 10 నుంచి 50 వరకు. 4సి అంటే 50 నుంచి 95 వరకు.

5: కేన్సరు అయ్యే అవకాశం నూటికి 95 లేదా అంతకంటె ఎక్కువ. అయినా సూది పరీక్ష లేకుండా చికిత్స మొదలుపెట్టరు.

6: కేన్సరని సూది పరీక్షలో ఇంతకుముందే తేలినవారికి, చికిత్సలో భాగంగా తీసిన చిత్రం.

గమనించారా? 1 నుంచి 6 వరకు అంకె పెరిగేకొద్దీ గండం పెరుగుతుంది. సున్నా ఒక్కటే ఆ వరుసలో లేదు. 1 కంటె తక్కువది కాబట్టి 1 కంటె మంచిదని చదువుకున్నవారు కూడా పొరపడతారు. లెక్కల టీచరే పొరపడితే ఇతరుల సంగతి చెప్పవలసింది ఏముంది!

తేడా కనిపించిందంటే కేన్సరేనా?

కాదు. బ్రిటన్‌లో ఏ లక్షణాలూ లేని స్త్రీలకు ప్రభుత్వమే వరుసగా మామోగ్రామ్‌లు తీయిస్తుంది. అక్కడ పరీక్ష చేయించుకున్న ప్రతి 100 మందిలో సుమారు నలుగురిని మళ్లీ రమ్మంటారు. ఆ నలుగురిలో కేన్సరు తేలేది సుమారుగా ఒకరికి. మిగిలిన ముగ్గురూ నిశ్చింతగా ఇంటికి వెళతారు.

అయితే ఈ లెక్కను మనకు యథాతథంగా అన్వయించుకోకూడదు. మన దగ్గర చాలామంది గడ్డ చేతికి తగిలిన తర్వాతనే మామోగ్రామ్‌కు వెళతారు. గడ్డ ఉండి వెళ్లినవారిలో కేన్సరు తేలే అవకాశం సహజంగానే ఎక్కువ. మీరు ఏ లక్షణమూ లేకుండా వెళ్లారా, గడ్డో, చనుమొన నుంచి నెత్తుటి చారో కనిపించి వెళ్లారా అన్నదానిని బట్టి రిపోర్టుకు బరువు మారుతుంది. ఇంకొక మాట కూడా ఇక్కడే చెప్పాలి. మామోగ్రామ్ సుమారు ఎనిమిది కేన్సర్లలో ఒకదానిని పట్టుకోలేదు. అందువల్ల రిపోర్టులో 1 అని వచ్చినా, చేతికి గడ్డ తగులుతున్నంత కాలం ఆ గడ్డ సంగతి తేలనట్లే లెక్క.

మా ఇంటి సంగతి

ఈ పరీక్షల నడుమ వేచి ఉండడం అంటే ఏమిటో 2016 వరకు నాకు తెలియదు. ఆ సంవత్సరం మా ఆవిడ మామోగ్రామ్‌లో కుడివైపు ఒక గుండ్రని నీడ కనిపించింది. రిపోర్టులో అదే సున్నా. చేతికి వచ్చింది శనివారం సాయంత్రం. అల్ట్రాసౌండ్ సోమవారం గాని వీలుపడదన్నారు.

“ఏమండీ, ఇన్నేళ్లుగా ఇవే చూశారు కదా, ఏమై ఉంటుంది?” అని అడిగింది. నేను ఫిల్మును కిటికీ వెలుతురుకు పట్టి పదిసార్లు చూశాను. ఆ గుండ్రని నీడలో నీరుందో, కండ ఉందో ఎక్స్‌రే చెప్పదు, నేనెలా చెప్పగలను? ఆదివారం రాత్రి భోజనాలయ్యాక ఆమె నన్ను వంటింట్లోకి పిలిచింది. పాలవాడి లెక్క ఏ పుస్తకంలో రాస్తుందో, లాకరు తాళంచెవి ఏ డబ్బాలో ఉందో, అమ్మాయికి ఇవ్వవలసిన గాజులు ఏవో, వరుసగా చెప్పుకుంటూ పోయింది. నేను తల ఊపుతూ నిలబడ్డాను.

సోమవారం ఉదయం అల్ట్రాసౌండ్ అయిదు నిమిషాల్లో ముగిసింది. పలుచని గోడ, లోపల స్వచ్ఛమైన నీరు, మామూలు నీటితిత్తి. వర్గం 2. ఏ చికిత్సా అక్కర్లేదు. ఇంటికి వస్తూ దారిలో రిక్షా ఆపించి కొబ్బరిబోండాలు తాగాం. అప్పుడు గాని ఆమె ఏడవలేదు.

ఒకే సున్నా. ఒకరి విషయంలో అది నీటితిత్తి, మరొకరి విషయంలో కేన్సరు. తేడా చెప్పింది ఆ తర్వాతి పరీక్షే. డాక్టరు ఇంట్లోనే ఇంత భయం ఉంటే, చెప్పేవారెవరూ లేని ఇంట్లో రిపోర్టును బీరువాలో చీరల అడుగున దాచేయాలనిపించడం నాకు ఇప్పుడు అర్థమవుతున్నది. మందలించడానికి నోరు రాదు. కాని బీరువాలో దాచిన కాగితం భయాన్ని తగ్గించదు. రోజులను మాత్రం తినేస్తుంది.

తర్వాతి పరీక్షలు ఏవి

మొదటిది, ప్రత్యేక మామోగ్రామ్ చిత్రాలు. అనుమానం ఉన్న చోటును మాత్రమే చిన్న పలకతో గట్టిగా అదిమి తీస్తారు. గ్రంథులు ఒకదాని మీద ఒకటి పడి ఏర్పడిన నీడ అయితే, అదిమినప్పుడు విడిపోయి మాయమవుతుంది. నిజమైన గడ్డ అయితే అక్కడే నిలిచి, అంచులు స్పష్టమవుతాయి. సూక్ష్మమైన కాల్షియం రేణువులు కనిపిస్తే వాటిని పెద్దవి చేసి చూపే చిత్రాలు తీస్తారు. ఈ రేణువులు కాల్షియం మాత్రలు వేసుకున్నందువల్ల గాని, పాలూ పెరుగూ తిన్నందువల్ల గాని రావు. ఆ భయంతో మాత్రలు మానకండి. పెద్దవిగా, విడివిడిగా, గుండ్రంగా ఉన్నవి సాధారణంగా హానిలేనివి. అతి సన్ననివి, ఆకారం ఒకదానికొకటి పొంతనలేనివి, ఒకేచోట గుంపు కట్టినవి అనుమానించదగినవి. చేతికి గడ్డ తగలకముందే కొన్ని తొలిదశ కేన్సర్లను పట్టి ఇచ్చేది ఈ రేణువులే.

రెండవది అల్ట్రాసౌండ్. దీనిలో ఎక్స్‌రే లేదు, నొప్పి లేదు. కనిపించినది నీటితిత్తా, గట్టి గడ్డా అన్నది చెప్పడంలో దీనికి సాటి లేదు. గ్రంథులు చిక్కగా ఉన్న రొమ్ములో మామోగ్రామ్ చూడలేనిదాన్ని ఇది చూడగలదు. చంకలోని గ్రంథులనూ అప్పుడే చూస్తారు. ఇంత మంచిదైతే మొదటే ఇది చేయవచ్చు కదా అని మీరు అడగవచ్చు. కాల్షియం రేణువులను చూడడంలో ఇది మామోగ్రామ్ అంత నమ్మదగినది కాదు. రెండూ అక్కాచెల్లెళ్ల వంటివి. ఒకరు చూడనిది మరొకరు చూస్తారు.

మూడవది ఎంఆర్ఐ. ఇది అందరికీ అవసరం లేదు. వంశంలో కేన్సరు బలంగా ఉన్నవారికి, మిగిలిన పరీక్షలు ఒకదానితో ఒకటి పొసగనివారికి దీనిని సూచిస్తారు. ఎంఆర్ఐ బాగుందని సూది పరీక్ష మానుకోవడం సరికాదు.

వీటన్నిటికంటె చౌకైన పరీక్ష మరొకటి ఉంది: పాత ఫిల్ములు. అయిదేళ్ల కిందటి చిత్రంలోనూ ఆ మచ్చ అలాగే ఉంటే, చాలాసార్లు సందేహం అక్కడికక్కడే తీరిపోతుంది. వెనకటి ఫిల్ములు, సీడీలు, రిపోర్టులు ఒకే సంచిలో భద్రపరచి వెంట తీసుకువెళ్లండి. మరో ఊరిలో తీయించుకున్నవే అయినా సరే.

ఎక్స్‌రే పదేపదే తీస్తే అదే కేన్సరు తెస్తుందేమో అని కొందరు జంకుతారు. రెండు రొమ్ములకూ తీసే మామూలు మామోగ్రామ్‌లో శరీరానికి అందే కిరణాలు, ప్రకృతిలో ఊరికే తిరుగుతూ సుమారు ఏడు వారాల్లో మనం అందుకునేటంత మాత్రమే. అవసరమైన పరీక్షను ఆపదగినంత కారణం అది కాదు.

సూది పరీక్ష గురించి

ఈ మాట వినగానే చాలామంది వెనకడుగు వేస్తారు. “సూది గుచ్చితే రేగుతుంది, కత్తి తగిలితే పాకుతుంది” అన్న మాట మన ఊళ్లలో తరతరాలుగా ఉంది. ముదిరిన దశలో వచ్చిన రోగి పరీక్ష జరిగిన కొద్ది నెలలకే క్షీణించడం చూసినవారు, నేరం సూదిపై మోపారు. వ్యాధి అంతకుముందే పాకి ఉంది. సూది దాని పేరు మాత్రమే చెప్పింది. ఈ భయంతో పరీక్ష ఆపితే జరిగే నష్టమే నిజమైన నష్టం.

ఈ పరీక్ష విలువ నా తరం వైద్యులకు తెలిసినంతగా ఇప్పటివారికి తెలియదేమో. నేను శస్త్రచికిత్స నేర్చుకుంటున్న రోజుల్లో పద్ధతి వేరు. రోగికి పూర్తి మత్తు ఇచ్చి, గడ్డ తీసి, ఆ ముక్కను గడ్డకట్టించి అప్పటికప్పుడే పరీక్షించేవారు. కేన్సరని కబురు వస్తే అదే బల్లమీద రొమ్ము మొత్తం తొలగించేవారు. మత్తులోకి జారే స్త్రీకి తాను ఏ విధంగా లేస్తుందో తెలియదు. తెలివి వచ్చీ రాకముందే చేయి ఛాతీ మీదికి పోయేది. ఆ చేతి కదలికను నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు.

ఇప్పుడు ఆ దుస్థితి లేదు. చర్మానికి మత్తు సూది వేసి, అల్ట్రాసౌండ్‌లో చూస్తూ, కొంచెం లావైన సూదితో నాలుగైదు సన్నని ముక్కలు తీస్తారు. దీనినే కోర్ బయాప్సీ అంటారు. స్టేప్లర్ నొక్కినట్లు టక్కుమని శబ్దం వస్తుంది. ముందే చెప్పకపోతే ఉలిక్కిపడతారు. తర్వాత కొద్ది నిమిషాలు అదిమి పట్టి, చిన్న పట్టీ వేసి, ఆ రోజే ఇంటికి పంపుతారు. కొన్నాళ్లు కమిలినట్లు ఉండవచ్చు. అల్ట్రాసౌండ్‌లో కనిపించని కాల్షియం రేణువులైతే మామోగ్రామ్ సాయంతోనే గురిచూసి ముక్క తీస్తారు. రక్తం పలుచబడే మాత్రలు వాడుతున్నవారు ముందుగా చెప్పాలి. వాటిని సొంతంగా మానకూడదు.

సన్నసూదితో కణాలను మాత్రమే లాగి చూసే ఎఫ్ఎన్ఏసీ పరీక్ష మన పట్టణాల్లో ఇప్పటికీ ఉంది. చౌక, త్వరితం. కాని అది విడి కణాలనే చూపుతుంది; కోర్ బయాప్సీ కణజాలం అమరికనే చూపుతుంది. కేన్సరు నాళాల్లోనే ఉందా, బయటికి చొచ్చుకుపోయిందా అన్నదీ, ఏ మందులు పనిచేస్తాయో చెప్పే ఈఆర్, పీఆర్, హెర్2 పరీక్షలూ ఆ ముక్కల నుంచే నమ్మకంగా తెలుస్తాయి. అందువల్ల వీలున్నచోట కోర్ బయాప్సీనే కోరండి. ‘ముందు గడ్డ తీసేద్దాం, తర్వాత పరీక్షకు పంపుదాం’ అంటే, ముందు సూది పరీక్ష ఎందుకు చేయకూడదో మర్యాదగానే అడగండి.

మన చిన్న పట్టణాల్లో ముక్కలున్న సీసాను లాబుకు మోసుకుపోయేది తరచు రోగి బంధువులే. ముక్కలు వెంటనే ఫార్మలిన్‌లో వేశారా, సీసా మీద పేరు, వయస్సు, కుడియా ఎడమా అన్నది రాశారా చూసుకోండి. సెలైన్‌లోనో నీళ్లలోనో వేసి ఒక పూట తిప్పితే ముక్క పాడవుతుంది, పరీక్ష మళ్లీ మొదటికి వస్తుంది. లాబులో ఆ ముక్కలను మైనపు దిమ్మెల్లో భద్రపరుస్తారు. చికిత్సకు వేరే ఆస్పత్రికి వెళ్లవలసి వస్తే ఆ దిమ్మెలను అడిగి తీసుకువెళ్లండి.

ఫలితం వచ్చిన తర్వాత ఇంకొక మెట్టు ఉంది. దానిని చాలామంది దాటేస్తారు. చిత్రం చెప్పినదీ ముక్క చెప్పినదీ ఒకదానికొకటి సరిపోవాలి. చిత్రంలో వర్గం 5 ఉండి, ముక్కలో ‘కేన్సరు లేదు’ అని వస్తే సంతోషించి ఊరుకోకూడదు. సూది గురి తప్పి ఉండవచ్చు. అప్పుడు పరీక్ష మళ్లీ చేయాలి. “రెండు రిపోర్టులూ పొసిగాయా డాక్టరుగారూ?” అని అడిగే హక్కు మీకు ఉంది.

ఆరు నెలలంటే ఆరు నెలలే

వర్గం 3 వచ్చినవారు రెండు విధాలుగా పొరపడతారు. కొందరు ఆరు నెలలూ నిద్రలేకుండా గడుపుతారు; మరికొందరు ఆరు నెలల మాట మరచిపోతారు. నూటికి తొంభై ఎనిమిది మందికి అది హానిలేనిదే కనుక అందరికీ సూది గుచ్చడం అనవసరం. మారేదైతే ఆరు నెలల్లో కొంత మార్పు కనిపిస్తుంది. అందుకే ఆరు నెలలకు, ఏడాదికి, రెండేళ్లకు చూస్తారు. అలాగే నిలిచి ఉంటే వర్గం 2లోకి మారుస్తారు. కేలండరులో తేదీ దగ్గర పెన్నుతో సున్నా చుట్టి పెట్టండి. ఈ సున్నా మాత్రం మేలు చేస్తుంది.

0, 4, 5 వచ్చినవారికి ఆరు నెలల వ్యవధి లేదు. అది అర్ధరాత్రి పరుగెత్తవలసిన అత్యవసరమూ కాదు. కొద్ది వారాల్లో పరీక్షలన్నీ పూర్తి కావాలి. అమ్మాయి పెళ్లి అయ్యాక, పంట చేతికొచ్చాక, మూఢం వెళ్లాక అన్న వాయిదాలు వద్దు. ఇంట్లో మగవారికి ఒక మాట: మన ఇళ్లలో స్త్రీ తన పరీక్షకు డబ్బు అడగడానికే ఒక నెల ఆలోచిస్తుంది. ఆమె అడిగేదాకా ఉండకండి. రిపోర్టు తీసి మీరే చదవండి, తోడు వెళ్లండి. ఖర్చుకు వెనుకాడేవారికి హైదరాబాదులోని ఎం.ఎన్.జె. కేన్సరు ఆస్పత్రి, విశాఖపట్నంలో టాటా స్మారక కేంద్రం నడిపే హోమీ భాభా కేన్సరు ఆస్పత్రి ఉన్నాయి. కేన్సరు చికిత్సకు రెండు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ ఆరోగ్య పథకాలు వర్తిస్తాయి.

డాక్టరు గది నుంచి లేచేముందు

ఈ అయిదు ప్రశ్నలు చీటీ మీద రాసుకొని వెళ్లండి.

1. నా రిపోర్టులో బైరాడ్స్ అంకె ఎంత? దాని అర్థం ఏమిటి?

2. తర్వాత చేయవలసిన పరీక్ష ఏది? ఏ తేదీలోగా?

3. అది ఎక్కడ చేస్తారు? పాత ఫిల్ములు తేవాలా?

4. ఫలితం ఎవరు చెబుతారు? ఏ రోజు?

5. ఆ రోజుకు ఫలితం రాకపోతే ఎవరిని అడగాలి?

అయిదవ ప్రశ్న ఆ లెక్కల టీచరుగారి నుంచి నేను నేర్చుకున్నది. ఆ తర్వాత నా గదిలో ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకున్నాను. ఇంకా తేలవలసిన రిపోర్టు ఉన్న ప్రతి రోగి పేరూ అందులో రాసి, తేలిన తర్వాతనే కొట్టివేసేవాడిని. తేదీ దాటిన పేరు కనిపిస్తే మా కాంపౌండరు ఫోను చేసేవాడు. విరమించే రోజు వరకు అది నా బల్లమీదే ఉంది.

ఆమెకు శస్త్రచికిత్స, కీమోథెరపీ, రేడియేషన్ అన్నీ జరిగాయి. చాలా ఏళ్లు మాత్రలు వాడారు. జుట్టు ఊడిన రోజుల్లో తలకు కండువా చుట్టుకొని బడికి వెళ్లి పదవ తరగతి పిల్లలకు పాఠం చెప్పారు. ఇప్పుడు ఉద్యోగ విరమణ చేసి, మనవరాలితో కాలం గడుపుతున్నారు. ఒకసారి నేనే ధైర్యం తెచ్చుకొని, ఆనాడు నేను అడిగి ఉండవలసిందని ఆమెతో అన్నాను. ఆమె కొంతసేపు మాట్లాడలేదు. తర్వాత, “సున్నాకు విలువ దాని స్థానాన్ని బట్టి ఉంటుందని పిల్లలకు చెప్పేది నేనే కదండీ. మీరు అడగలేదు, నేను చదవలేదు. ఇంకొకరికి ఇలా జరగకుండా చెప్పండి” అన్నారు.

అందుకే చెబుతున్నాను. మీ ఇంట్లో, మీ అమ్మగారిదో, అక్కదో, వదినదో, మీదో, ఇంకా తేలని రిపోర్టు ఏదైనా ఉందేమో ఈ రోజే చూడండి. ఉంటే రేపు ఉదయం ఫోను చేసి తర్వాతి పరీక్షకు తేదీ తీసుకోండి.